మెడలో గొట్టం వేశారా? భయపడవద్దు, అజాగ్రత్తగానూ ఉండవద్దు



ఒక సాయంత్రం మా ఐ.సి.యు. బయట బెంచీ మీద ఒక తల్లి, ఇద్దరు కొడుకులు కూర్చుని ఉన్నారు. లోపల ఆ ఇంటి పెద్దాయనకు ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకి, బి.పి. బాగా పడిపోయింది. మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేయాలని డాక్టరుగారు చెప్పి, సంతకం కోసం కాగితం ఇచ్చారు. పెద్దబ్బాయి కాగితం పట్టుకున్నాడు గాని సంతకం చేయలేదు. "మా బాబాయికి కూడా ఇలాగే మెడలో గొట్టం వేశారు సిస్టర్. మూడో రోజుకే పోయాడు. ఇది ఆఖరి స్టేజీలో వేస్తారంటగా?" అన్నాడు.

అతనికి నచ్చచెప్పడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. లోపలున్న మనిషికి ఆ ఇరవై నిమిషాలు ఎంతో విలువైనవి. ఈ సంగతులు ముందే తెలిసి ఉంటే ఆ కుటుంబానికి అంత మథన ఉండేది కాదు. అందుకే ఈ నెల పాఠంగా ఈ గొట్టం గురించి వ్రాస్తున్నాము. దాని వల్ల మేలు ఏమిటి, కీడు ఏమిటి, ఆ కీడు రాకుండా మేము ఏమి చేయాలి, మీరు ఏమి చేయాలి అన్నవి వరుసగా చెబుతాము.

ఈ గొట్టం ఏమిటి?

మామూలుగా చేతికి సెలైన్ ఎక్కించడానికి వేసే చిన్న గొట్టాన్ని కాన్యులా అంటాము. అది చేతిలోని చిన్న సిరలో ఉంటుంది. మన వాడుకలో "నరం" అంటాము గాని, ఇవి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. సెంట్రల్ లైన్ అనేది అంతకన్నా పొడవైన గొట్టం. పెద్దవాళ్ళకు సాధారణంగా 15 నుండి 20 సెం.మీ. పొడవు ఉంటుంది. మెడ ప్రక్కన గాని, కాలరు ఎముక క్రింద గాని, గజ్జల్లో గాని పెద్ద సిరలోకి దీన్ని పంపిస్తారు. మెడలోనో కాలరు ఎముక క్రిందనో వేస్తే దాని కొస గుండెకు కాస్త పైన ఉన్న పెద్ద సిరలో ఆగుతుంది. బయటకు రెండు మూడు పాయలుగా విడిపోయి, ఒక్కో పాయకు ఒక్కో మూత ఉంటుంది. అందువల్ల రెండు మూడు మందులు ఒకదానితో ఒకటి కలవకుండా ఒకేసారి ఇవ్వవచ్చు.

చేతికి ఇవ్వవచ్చు గదా, మెడలోనే ఎందుకు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. పిల్లకాలువలోకి ఒక్కసారిగా ఎక్కువ నీరు వదిలితే గట్టు తెగుతుంది, అదే నీరు పెద్ద కాలువలో అయితే కలిసిపోతుంది. మందుల విషయమూ అంతే. పడిపోయిన బి.పి.ని నిలబెట్టే నార్‌అడ్రినలిన్ వంటి మందులు చేతి సిరలోంచి చర్మం క్రిందికి కారితే ఆ చోట కండ, చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. గాఢమైన పొటాషియం, నోటి ద్వారా తినలేని వారికి రక్తంలోకి ఇచ్చే పోషక ద్రవాలు కూడా చిన్న సిరలు తట్టుకోలేవు. వీటికి తోడు, అత్యవసరంగా డయాలసిస్ చేయాల్సినవారికీ (వారికి వేసే గొట్టం ఇంకొంచెం లావుగా ఉంటుంది), ఎంత వెదికినా చేతిలో సిర దొరకని వారికీ ఇదే దారి.

కాబట్టి ఒక మాట గుర్తుంచుకోండి. గొట్టం వేసినందువల్ల రోగి పరిస్థితి విషమించదు. పరిస్థితి విషమంగా ఉన్నందువల్లే గొట్టం వేస్తారు. గొట్టంతో బతికి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళినవారిని మేము ఏటా చూస్తూనే ఉన్నాము.

ఒక చిన్న చరిత్ర

మా నర్సింగ్ విద్యార్థినులు ఇష్టంగా వినే కథ ఇది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే అనే ఊరి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు ఉండేవాడు. చేతి సిరలోంచి గొట్టం పంపితే గుండె దాకా వెళ్ళగలదని అతని నమ్మకం. పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. శుభ్రపరచిన పరికరాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు ఆధీనంలో ఉండేవి. ఆమె ధైర్యం చేసి, ఆ ప్రయోగం తన మీదే చేయమంది. అతను ఆమెను బల్లకు కట్టి, ఆమె చూడకుండా తన చేతిలోకే 65 సెం.మీ. గొట్టం పంపుకుని, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్ళి ఫోటో తీయించుకున్నాడు. గొట్టం గుండెలో కనబడింది. 1956లో అతనికి మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. 1953లో స్వీడన్ దేశపు డాక్టరు సెల్డింగర్, ముందు సూది గుచ్చి, సూదిలోంచి సన్నని తీగ పంపి, తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతి కనిపెట్టారు. నేటికీ మా ఐ.సి.యు.లో డాక్టర్లు చేసేది ఆ పద్ధతే.

ఇబ్బందులు ఎప్పుడు వస్తాయి?

మేలు చేసే వస్తువే కీడు కూడా చేయగలదు. 2003లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రిక ఈ గొట్టాల మీద వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, నూటికి 15 మందికి పైగా ఏదో ఒక ఇబ్బంది వస్తోందని వ్రాసింది. ఆ తరువాత పద్ధతులు మెరుగుపడ్డాయి. అయినా ప్రమాదం లేదని ఎవరూ చెప్పలేరు. ఇబ్బందులను వేసేటప్పుడు, ఉన్నప్పుడు, తీసేటప్పుడు అని మూడు భాగాలుగా చూద్దాము.

1. వేసేటప్పుడు

మెడలో సిర ప్రక్కనే ధమని ఉంటుంది. సూది పొరపాటున ధమనిలోకి వెళ్ళవచ్చు. అప్పుడు సూది తీసి గట్టిగా అదిమి పట్టుకుంటారు. రక్తం గూడు కట్టి మెడ ఉబ్బవచ్చు. డెంగ్యూ వంటి జ్వరాలలో ప్లేట్‌లెట్లు తగ్గినవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ భయం ఎక్కువ. మీవారు అటువంటి మందులు వాడుతుంటే తప్పక ముందే చెప్పండి.

ఊపిరితిత్తి పై కొస కాలరు ఎముక దాకా ఉంటుంది. సూది దానికి తగిలితే గాలి బయటకు వచ్చి ఛాతీలో నిండుతుంది, ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. ఆయాసం పెరుగుతుంది. అవసరమైతే ఛాతీకి వేరే గొట్టం వేసి ఆ గాలి తీస్తారు. మెడలో గాని, కాలరు ఎముక క్రింద గాని గొట్టం వేశాక ఎక్స్‌రే తీయించేది ఇందుకే. కొస సరైన చోట ఉందా లేదా అన్నది కూడా అందులో తెలుస్తుంది. "మళ్ళీ ఎక్స్‌రే ఎందుకు, బిల్లు పెంచడానికా?" అని ఒకరు అడిగారు. కారణం ఇదీ.

తీగ కొస గుండెకు తగిలి గుండె లయ కొద్దిసేపు తప్పవచ్చు. అందువల్ల వేస్తున్నంతసేపు మానిటరు మీద ఒకరి కన్ను ఉండాలి. అల్ట్రాసౌండ్‌తో సిరను చూస్తూ సూది గుచ్చితే ఈ ఇబ్బందులు బాగా తగ్గుతాయి. ఇంగ్లండులోని జాతీయ సంస్థ ఒకటి 2002లోనే ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

ఏ చోట వేస్తే మంచిది అన్నదానికి ఒకే జవాబు లేదు. ఫ్రాన్స్ ఐ.సి.యు.లలో మూడు వేల మందికి పైగా రోగుల మీద జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కాలరు ఎముక క్రింద వేసినవాటికి ఇన్ఫెక్షన్లు, గడ్డలు తక్కువ వచ్చాయి గాని, ఊపిరితిత్తికి తగలడం ఎక్కువైంది. ఏ రోగికి ఏది తగునో డాక్టరుగారు చూసి నిర్ణయిస్తారు.

2. గొట్టం ఉన్నన్నాళ్ళు

అన్నిటికన్నా మేము భయపడేది ఇన్ఫెక్షన్‌కే. మన చర్మం మీద కంటికి కనబడని క్రిములు ఎప్పుడూ ఉంటాయి. చర్మం గోడలా ఉన్నంతవరకు అవి లోపలికి రాలేవు. గొట్టం ఆ గోడకు పెట్టిన కన్నం వంటిది. క్రిములు చర్మం దగ్గర గొట్టం వెంబడి పాకి లోపలికి పోవచ్చు. లేదా మందు ఇచ్చేటప్పుడు మూత దగ్గర మా చేతుల నుంచే పోవచ్చు. లోపలికి చేరాక నీళ్ళ తొట్టి గోడకు పాచి పట్టినట్టు గొట్టానికి ఒక జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి. ఆ పొరలోకి యాంటీబయాటిక్ మందులు సరిగా చొరలేవు. అందువల్ల చాలాసార్లు మందులతో పాటు గొట్టం కూడా తీసివేయవలసి వస్తుంది.

గుర్తులు ఇవి: చలి వణుకుతో జ్వరం, ముఖ్యంగా గొట్టంలోంచి మందు ఇచ్చిన కాసేపటికి వణుకు. గొట్టం చుట్టూ ఎరుపు, నొప్పి, చీము. కారణం తెలియకుండా బి.పి. పడిపోవడం. తెలివిగా మాట్లాడేవారు తికమకగా మాట్లాడడం. ముసలివారికి జ్వరం లేకుండానే ఇవి రావచ్చు. ఇలాంటప్పుడు గొట్టం నుంచి, చేతి నుంచి రెండు సీసాల్లో రక్తం తీసి కల్చరుకు పంపుతారు. గొట్టం నుంచి తీసిన సీసాలో రెండు గంటలు గాని అంతకన్నా ఎక్కువ గాని ముందుగా క్రిములు పెరిగితే, గొట్టమే మూలమని అనుమానిస్తారు. రెండుసార్లు రక్తం ఎందుకు తీస్తున్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఈ ఇన్ఫెక్షన్లను లెక్కించే పద్ధతి ఒకటుంది. పదిమందికి పది రోజుల చొప్పున గొట్టం ఉంటే అది 100 గొట్టపు రోజులు. మన దేశంలో ఏడు నగరాలలోని ఐ.సి.యు.లలో లెక్కించి 2007లో ప్రచురించిన నివేదిక ప్రకారం, వెయ్యి గొట్టపు రోజులకు దాదాపు 8 ఇన్ఫెక్షన్లు వచ్చాయి. అది తలరాత కాదని అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం చూపింది. అక్కడ నూరుకు పైగా ఐ.సి.యు.లలో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం ఐదు పనులు తప్పక చేయించింది. చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పి డాక్టరు టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు గజ్జల్లో వేయకపోవడం, అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసివేయడం. ఒక్క మెట్టు తప్పినా అక్కడున్న నర్సు "ఆగండి" అనవచ్చు, డాక్టరు ఆగాలి. 2006లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యి గొట్టపు రోజులకు సగటున 7.7 ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం పురుగుమందు పొరపాటున ఒంటికి పట్టిన ఒక వ్యవసాయ కూలీ స్త్రీ మా దగ్గర చేరింది. గొట్టం వేశాము, కోలుకుంది. ఐదో రోజుకు బి.పి. మందు ఆపేశాము, నోటితో గంజి త్రాగుతోంది. గొట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. డాక్టర్లు సిస్టర్లు చూసుకుంటారనుకున్నారు, మేము డాక్టర్లు చెబుతారనుకున్నాము. రక్తం తీయడానికి సుఖంగా ఉంది గదా అని కూడా అనుకున్నాము. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమెకు మంచం కదిలేంత వణుకు వచ్చింది. ఆమె బతికింది. కాని ఇంకో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఆ ఖర్చుకు ఇంట్లో పాడిగేదెను అమ్మారని ఆమె అత్తగారు మాకు చెప్పింది. ఆమె మమ్మల్ని నిందించలేదు, దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం మాకు చాలా రోజులు బరువుగా ఉంది.

అప్పటినుంచి ప్రతి ఉదయం రౌండ్స్‌లో ప్రతి మంచం దగ్గర "ఈ గొట్టం ఈ రోజు అవసరమా?" అని నర్సు పైకి అడిగి, జవాబు చార్టులో వ్రాయాలని నియమం పెట్టుకున్నాము. మందు ఇచ్చే ముందు మూతను స్పిరిట్ స్వాబ్‌తో కనీసం 15 సెకన్లు రుద్ది, ఆరనిస్తాము. పారదర్శకమైన డ్రెస్సింగ్ అయితే ఏడు రోజులకు, గాజుగుడ్డ అయితే రెండు రోజులకు మారుస్తాము. తడిసినా, ఊడినా, మురికైనా అప్పటికప్పుడే మారుస్తాము.

రెండవ ఇబ్బంది రక్తం గడ్డకట్టడం. గొట్టం ఉన్న వైపు చెయ్యి, మెడ, ముఖం వాచినా, నొప్పి ఉన్నా వెంటనే చెప్పండి. స్కాన్ చేసి చూసి, గడ్డ ఉంటే రక్తం పలచబడే మందు ఇస్తారు. గొట్టం మూసుకుపోతే బలంగా నెట్టకూడదు, గడ్డ లోపలికి పోవచ్చు.

3. మూత ఊడినప్పుడు, గొట్టం తీసేటప్పుడు

ఇది అరుదు, కాని నిమిషాలలో ప్రాణం మీదికి వస్తుంది. రోగి కూర్చుని ఉన్నప్పుడు మెడ గొట్టం మూత ఊడి తెరుచుకుంటే, ఊపిరి లోపలికి పీల్చినప్పుడు గాలి కూడా సిరలోకి లాగబడి గుండెను చేరవచ్చు. అందుకే మెడలోదైనా, కాలరు ఎముక క్రిందిదైనా గొట్టం తీసేటప్పుడు రోగిని వెల్లకిలా, తల దిగువగా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి తీస్తాము. కనీసం ఐదు నిమిషాలు అదిమి పట్టుకుని, గాలి చొరని డ్రెస్సింగ్ వేస్తాము. దాన్ని మరునాటిదాకా తీయవద్దు. తీసిన తరువాత అరగంట లేవవద్దని చెప్పేది కూడా ఇందుకే. "బాగానే ఉన్నాను గదా" అని వెంటనే లేచి బాత్‌రూముకు వెళ్ళకండి.

బంధువులు చేయవలసినవి, చేయకూడనివి

1. లోపలికి వచ్చే ముందు, బయటకు వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోండి, లేదా తలుపు దగ్గరున్న హ్యాండ్‌రబ్ రుద్దుకోండి.

2. మేము చేతులు రుద్దుకోకుండా గొట్టం ముట్టుకుంటుంటే "సిస్టర్, చేతులు" అని అడగండి. డాక్టరుగారిని కూడా అడగండి. మేము నొచ్చుకోము.

3. గొట్టం ఉన్న చోట తాయెత్తు, దారం, విభూతి, పసుపు వద్దు. ప్రార్థన చేయడానికి వచ్చే సంఘ పెద్దలు, సహోదరీలు నూనె రాయదలిస్తే నుదుట రాయండి, మెడ దగ్గరికి రానివ్వకండి. నూనె తగిలితే డ్రెస్సింగ్ అంటు ఊడిపోతుంది. చేయి పట్టుకుని ప్రార్థించండి, చేతులు కడుక్కున్న తరువాత.

4. దిండు సర్దేటప్పుడు, పక్క మార్చేటప్పుడు గొట్టం ఎక్కడుందో ముందు చూడండి. సాధ్యమైనంతవరకు సిస్టరును పిలవండి.

5. సెలైన్ అయిపోయిందని మీరే విప్పడం, బిగించడం చేయవద్దు. మూత ఊడి కనబడితే పాయను మీ వ్రేళ్ళతో మడిచి గట్టిగా నొక్కి పట్టుకుని, రోగిని పడుకోబెట్టి, కేక వేయండి.

6. తెలివి సరిగా లేనివారు గొట్టం పీక్కోబోతారు. కోప్పడకుండా చేయి పట్టుకుని కూర్చుని మాకు చెప్పండి.

7. రోజుకొకసారి "ఇంకా అవసరమా?" అని అడగండి.

డయాలసిస్ గొట్టంతో ఇంటికి వెళ్ళేవారికి

మన ప్రాంతంలో, ముఖ్యంగా శ్రీకాకుళం ఉద్దానం వైపు, కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారు చాలామంది. వారిలో కొందరు మెడ గొట్టంతోనే ఇంటికి వెళతారు. ఆ చోటు తడవకూడదు. తలస్నానం చెంబులతో కుమ్మరించుకోవద్దు, ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకోండి. చెరువులో, కాలువలో మునగవద్దు. ఊళ్ళో ఆర్.ఎం.పి.ల చేత ఆ గొట్టంలోంచి సెలైన్ గాని, ఇంజెక్షన్ గాని ఎట్టి పరిస్థితిలోనూ ఇప్పించుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా అందులో హెపారిన్ అనే మందు నింపి మూత వేసి ఉంటుంది. అది ఒక్కసారిగా లోపలికి పోతే రక్తస్రావం కావచ్చు. జ్వరం, వణుకు వస్తే తెల్లవారేదాకా ఆగకండి. గొట్టం జారి బయటకు వస్తే ఆ చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, పడుకునే బండిలో ఆసుపత్రికి రండి. జారిన గొట్టాన్ని మళ్ళీ లోపలికి నెట్టవద్దు.

కొన్ని ప్రశ్నలు

గొట్టం ఎన్ని రోజులు ఉంచవచ్చు? ఇన్ని రోజులకు మార్చాలన్న లెక్క లేదు. ఊరికే రోజులు గడిచాయని మార్చనవసరం లేదు, అవసరం తీరితే ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

వేసేటప్పుడు నొప్పి ఉంటుందా? మత్తు ఇంజెక్షన్ ఆ చోట ఇస్తారు. అదిమినట్టు మాత్రం తెలుస్తుంది.

మచ్చ ఉండిపోతుందా? చిన్న చుక్క వంటి మచ్చ ఉండవచ్చు. అంతే.

మొదట చెప్పిన పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాము. సంతకం చేశాక పెద్దబ్బాయి మేము చెప్పిన మాట పట్టుకున్నాడు. రోజూ ఉదయం అద్దాల తలుపు దగ్గర నిలబడి, "ఇవాళ అవసరమా సిస్టర్?" అని అడిగేవాడు. ఐదు రోజులు "అవసరమే బాబూ" అని చెప్పాము. ఆరో రోజు అతను అడగకముందే చెప్పాము, తీసేశామని.